ఇంటిని బడిగా మలచిన గురువు: డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయులు

నేడు మన విద్యార్థుల చూపులన్నియు మాధాపూరు, గచ్చిబౌలి మేడల వైపే మరలియున్నవి. చదువు ముగియగానే అచ్చట ఉద్యోగము దొరకవలెనని తల్లిదండ్రుల ఆకాంక్ష. దానిని మేము తప్పుపట్టము. అయితే ఆ గచ్చిబౌలిలోనే హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున్నది. 1974లో స్థాపితమైన ఆ సంస్థ తన తొలి సంవత్సరములలో ఆబిడ్సు ప్రాంతమందలి 'గోల్డెన్ త్రెషోల్డ్' అను పాత ఇంటిలో నడచినది. ఆ ఇంటి పెద్దను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

అఘోరనాథులు 1851లో తూర్పు బెంగాలునందలి విక్రమపుర ప్రాంతమున జన్మించినారు. కలకత్తాలో చదివి, గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనముతో ఎడింబరో విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, రసాయనశాస్త్రమున డాక్టరు పట్టమును పొందినారు. 1878లో నిజాం ప్రభుత్వపు ఆహ్వానముపై హైదరాబాదు వచ్చి ఆంగ్లవిద్యకు పాదు వేసినారు. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాలుగా ఆయన పేరు నిలిచినది.

ఆయన కేవలము పాఠములు చెప్పి ఊరకున్నవారు కారు. 1883లో చాందా రైలుమార్గ వ్యవహారమున, ప్రజల ధనమునకు సంబంధించిన విషయము ప్రజలకు తెలియవలెనని పట్టుపట్టినారు. ఆ ఉద్యమమున ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు ఆయనకు తోడు నిలిచినారు. ఫలితముగా అఘోరనాథులను రాజ్యమునుండి వెడలగొట్టిరి. కొంతకాలమునకు మరల పిలిచి కొలువిచ్చిరి. బెంగాలీ బ్రాహ్మణ వంశీయుడును, దక్కను ముస్లిం పెద్దయు ఒకే న్యాయమునకై నిలబడిన ఆ ఘట్టము మన నగర చరిత్రలో మరువరానిది.

ఇక ఆయన గృహజీవితము. భార్య వరదాసుందరీదేవి బెంగాలీలో పాటలు కట్టిన విదుషి. వారికి ఎనమండుగురు సంతానము. ఇంటి తోటలో పండితులు, కవులు, సాధువులు, రసవాదులు మత భేదము లేక కూడెడివారు. పిల్లలు ఆ చర్చలను వినుచు పెరిగినారు. రసవాద ప్రయోగములపై ఆయన చేతి ధనము చాల వ్యయమైనదని కుమార్తెయే చెప్పియున్నది.

ఆ కుమార్తెయే సరోజిని. 1879లో ఈ నగరముననే జన్మించినది. బాల్యమున ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసినప్పుడు తండ్రి ఆమెను ఒక దినమంతయు గదిలో బంధించినారు. ఎంతటి గురువుకైనను కోపమను బలహీనత ఉండునని మేము దీనిని దాచక చెప్పుచున్నాము. ఆమె గణితజ్ఞురాలో, శాస్త్రవేత్తయో కావలెనని ఆయన కోరిక. ఆమెయో పదకొండవ ఏట బీజగణితపు లెక్క తెగక కూర్చుండి, దానికి మారుగా పద్యము వ్రాసినది. పదమూడవ ఏట ఆరు దినములలో 1300 పంక్తుల కావ్యము నల్లినది. తన కోరిక నెరవేరదని గ్రహించిన తండ్రి ఆమె కలమునకు అడ్డుపడలేదు. 1895లో నిజాం విద్యార్థివేతనముతో ఆమె ఇంగ్లండు వెళ్ళినది. 1898లో తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారితో ఆమె కులాంతర వివాహము మదరాసులో జరిగినది. దానిని జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

మిగిలిన బిడ్డలును ఎవరి దారిన వారు నడచినారు. వీరేంద్రనాథుడు విప్లవవాదియై విదేశములకేగి, స్వదేశమునకు తిరిగి రాకయే 1937లో సోవియట్ దేశమున మరణశిక్షకు గురియైనాడు. హరీంద్రనాథుడు కవియు, నటుడునై, 1952లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. సుహాసిని కమ్యూనిస్టు ఉద్యమమున పనిచేసినది. అఘోరనాథులు చివరి దినములు కలకత్తాలో గడిపి 1915లో కన్నుమూసినారు. దూరదేశమున నున్న కుమారుని మరల చూచు భాగ్యము ఆ తండ్రికి కలుగలేదు. కుమార్తె 1925లో కాంగ్రెసు అధ్యక్షపీఠము నెక్కుటయు ఆయన చూడలేదు.

విద్యార్థులారా! గచ్చిబౌలి విశ్వవిద్యాలయములో నేడు సరోజినీనాయుడు పేర కళల విభాగము నడచుచున్నది. లెక్క విడిచి పద్యము పట్టిన బాలిక పేరు అట్లు ఒక విద్యాలయమున నిలిచినది. మీ తల్లిదండ్రులు మీకొక దారి చూపుట వారి ప్రేమకు గుర్తు. దానిని గౌరవింపుడు. మీ బుద్ధి వేరు దారిని కోరినచో, ఆ దారిలో శ్రమించి చూపుడు. పెద్దలకు మేము మనవి చేయునదియు ఒక్కటే: బిడ్డకు చదువు చెప్పించుట మన వంతు, ఆ చదువుతో ఏమగుట యన్నది బిడ్డ వంతు. అఘోరనాథులు కొంత ఆలస్యముగానైనను ఈ సత్యమును గ్రహించినారు.