గుర్రం మీద వచ్చిన నర్సమ్మ – మేరీ బ్రెకిన్రిడ్జ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుల జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు కోరారు. గాంధీగారిని గురించి, ప్రకాశం పంతులుగారిని గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక అమెరికన్ నర్సును ఎంచుకున్నాను. అక్కడి నర్సులకు ఈ పేరు కొట్టిన పిండే అయినా, మన పాఠకుల్లో ఎక్కువమంది విని ఉండరు.

నా సర్వీసులో ఎక్కువ భాగం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలోనే గడిచింది. ఏ.ఎన్.ఎం.ల సర్వీసు రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, టి.ఏ. బిల్లులు నా సీటులోనే ఉండేవి. డాక్టరు లేని ఊళ్లో నర్సు ఎంతవరకు వైద్యం చేయవచ్చు, ఏ మందు తన చేత్తో ఇవ్వవచ్చు, ఎక్కడ ఆగాలి అనే ప్రశ్న ఏదో ఒక ఫైలులో తిరుగుతూనే ఉండేది. ఆ ప్రశ్నకు నూరేళ్ల క్రితమే కొండల మధ్య గుర్రం మీద తిరుగుతూ జవాబు చెప్పిన మనిషి మేరీ బ్రెకిన్రిడ్జ్.

ఆమె 1881 ఫిబ్రవరి 17న టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో పుట్టింది. పెద్దింటి బిడ్డ. తాతగారు జాన్ బ్రెకిన్రిడ్జ్ అమెరికాకు ఉపాధ్యక్షుడుగా చేసినవాడు. తండ్రి పార్లమెంటు సభ్యుడుగా ఉండి, తరువాత రష్యాలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. అలాంటి ఇంట ఆడపిల్లలకు చదువు చెప్పించేవారు గాని ఉద్యోగం మాట ఎత్తనిచ్చేవారు కారు. 1904లో ఒక న్యాయవాదితో పెళ్లి అయింది. రెండేళ్లు తిరగకుండానే భర్త పోయాడు. అప్పుడు ఆమె న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరి, 1910లో పూర్తి చేసింది.

1912లో ఒక కళాశాల అధ్యక్షుణ్ణి మళ్లీ పెళ్లాడింది. 1914లో కొడుకు పుట్టాడు. ముద్దుగా బ్రెకీ అని పిలుచుకునేది. 1916లో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల కొన్ని గంటలే బతికింది. 1918 జనవరిలో బ్రెకీ కూడా పోయాడు. నాలుగేళ్ల పిల్లవాడు. భర్తతో కాపురం కూడా నిలవలేదు. 1920లో విడాకులు తీసుకుని తిరిగి పుట్టింటి పేరే పెట్టుకుంది. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఆ వయసులో అంత దెబ్బ తిన్న మనిషి ఏదో మూల కూర్చుని కాలం గడిపినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్సు గ్రామాలకు వెళ్లి తల్లులకు, పసిపిల్లలకు సేవ చేసే పనిలో దిగింది.

అక్కడే ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఫ్రాన్సులోను, ఇంగ్లండులోను కాన్పులు చేయడానికి చదువుకున్న మంత్రసానులు ఉన్నారు. అమెరికాలో నర్సులు వేరు, మంత్రసానులు వేరు. నర్సుకు కాన్పు చేయడం రాదు, మంత్రసానికి చదువు లేదు. రెండూ ఒక మనిషి దగ్గరే ఉంటే డాక్టరు దొరకని చోట తల్లులు బతుకుతారని ఆమెకు తోచింది. స్వదేశంలో నేర్పేవారు లేక, లండనులోని వూలిచ్ ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని విద్య నేర్చి ఇంగ్లండు బోర్డు సర్టిఫికెట్టు పుచ్చుకుంది. స్కాట్లండు కొండల్లో, దీవుల్లో సర్కారు ఖర్చుతో నర్సులు ఊరూరా తిరిగే పద్ధతిని 1924లో స్వయంగా వెళ్లి చూసి వచ్చింది.

అంతకు ముందే, 1923లో, కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండల్లో గుర్రం మీద వందల మైళ్లు తిరిగి 53 మంది నాటు మంత్రసానులను కలిసి వివరాలు రాసుకుంది. ఆ కొండల్లోని లెస్లీ కౌంటీలో అప్పటికి రైలు లేదు, మోటారు నడిచే రోడ్డు లేదు, పట్టా పుచ్చుకున్న డాక్టరు ఒక్కడూ లేడు. వాగులే దారులు. పని మొదలు పెట్టడానికి ఆ చోటునే ఎంచుకుంది. ఇంత కష్టమైన చోట కుదిరితే ఇంకెక్కడైనా కుదురుతుందని ఆమె లెక్క. మన శాఖల్లో కొత్త పథకం పెట్టదలచుకుంటే ముందుగా రోడ్డు పక్కన ఉన్న మండలం చూసుకుంటాం కదా, ఆమెది దానికి సరిగ్గా తలకిందుల పద్ధతి!

1925 మే నెలలో ఒక కమిటీ ఏర్పడింది. 1928లో దానికే ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అని పేరు మార్చారు. మొదట్లో తల్లి నుంచి సంక్రమించిన సొంత డబ్బే పెట్టింది. హైడెన్ అనే చిన్న ఊరి దగ్గర వెండోవర్‌లో దుంగలతో ఒక పెద్ద ఇల్లు కట్టించి దాన్నే ప్రధాన కార్యాలయం చేసుకుంది. నర్సులు గుర్రం మీద చేరుకోగలిగినంత దూరం కొలిచి, కొండల్లో అక్కడక్కడ ఉపకేంద్రాలు నెలకొల్పింది. కొంతకాలానికి సుమారు 700 చదరపు మైళ్ల ప్రాంతం ఈ నర్సుల కిందికి వచ్చింది. గుర్రాలను సాకడానికి, కబుర్లు అందించడానికి షికాగో, బోస్టను వంటి నగరాల నుంచి డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలు జీతం లేకుండా వచ్చి పనిచేసేవారు. ఆ పిల్లల తల్లిదండ్రులే తరువాత చందాలు ఇచ్చేవారు. ఈ విషయంలో ఆమె గడుసుదనం మెచ్చుకోవలసిందే.

ఫీజు సంగతి వినండి. గర్భిణిగా ఉన్నప్పటి పరీక్షలు, కాన్పు, బాలింత సంరక్షణ అన్నీ కలిపి 5 డాలర్లు. మామూలు జబ్బులకు కుటుంబానికి ఏడాదికి ఒక డాలరు. డబ్బు లేనివారు కోళ్లు, గుడ్లు, గుర్రాలకు మేత ఇవ్వవచ్చు, కంచెకు గుంజలు పాతిపెట్టి చెల్లు వేయించుకోవచ్చు. ఉచితం అనే మాట ఆ కొండవాళ్లకు గిట్టదని ఆమె గ్రహించింది.

కాన్పులతో పని అయిపోయేది కాదు. టైఫాయిడ్, డిఫ్తీరియా టీకాలు, నులిపురుగుల మందులు, దెబ్బలు, జ్వరాలు అన్నీ ఆ నర్సు చూసేది. మరి డాక్టరు లేకుండా ఇవన్నీ ఏ అధికారంతో? నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఇక్కడే ఉంది. లెక్సింగ్టన్ పట్నంలోని డాక్టర్లతో ఆమె ఒక సలహా సంఘం వేయించింది. ఏ జబ్బుకు ఏం చేయాలి, ఏ మందు ఇవ్వవచ్చు, ఏ లక్షణం కనిపిస్తే డాక్టరుకు కబురు పంపాలి అన్నీ కాగితం మీద రాయించి వారి ఆమోదం తీసుకుంది. ఆ పుస్తకం ప్రతి నర్సు జీను సంచిలోను ఉండేది. మౌఖిక ఆదేశాల మీద పనిచేసి, తీరా ఏదైనా తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకున్నవారు మనలో లేకపోలేదు. రాతపూర్వక ఉత్తర్వు విలువ వారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

రికార్డుల విషయంలోను అంతే పట్టుదల. ప్రతి కాన్పూ పుస్తకానికి ఎక్కవలసిందే. ఆ లెక్కలను తామే మెచ్చుకుంటూ కూర్చోకుండా మెట్రోపాలిటన్ జీవిత బీమా కంపెనీ గణాంక నిపుణులకు అప్పగించింది. వారు 1932లో మొదటి వెయ్యి కాన్పుల లెక్క తేల్చారు. కాన్పు కారణంగా చనిపోయిన తల్లి ఒక్కరూ లేరు. ఇద్దరు మాత్రం పాత గుండె జబ్బుతో, మూత్రపిండాల జబ్బుతో పోయారు. ఆ రోజుల్లో అమెరికా మొత్తం మీద వెయ్యి కాన్పులకు ఆరేడుగురు తల్లులు చనిపోయేవారు.

కష్టాలు లేవని కాదు. 1929 తరువాత ఆర్థిక మాంద్యంలో చందాలు పడిపోయి సిబ్బంది జీతాలు తగ్గించుకోవలసి వచ్చింది. 1931లో ఆమె గుర్రం మీంచి పడి వెన్నెముక విరిగింది. కోలుకుని మళ్లీ పనిలో పడింది. 1939లో యుద్ధం రాగానే ఇంగ్లండు నుంచి వచ్చిన నర్సులు చాలామంది తిరిగి వెళ్లిపోయారు. ఆ ఏడాది నవంబరులోనే హైడెన్‌లో సొంత శిక్షణ పాఠశాల తెరిచింది.

ఇక సంఘం సంగతి. 1920ల చివర తన నర్సులతోనే కెంటకీ మంత్రసానుల సంఘం స్థాపించింది. 1941లో అది అమెరికన్ నర్సు మంత్రసానుల సంఘం అయింది. అర్హతలు కాపాడడం, శిక్షణ ప్రమాణాలు నిలపడం దాని ఉద్దేశం. కాని ఆ సంఘంలోకి నల్లజాతి నర్సులను రానివ్వలేదు, తన సర్వీసులో ఉద్యోగమూ ఇవ్వలేదు. పుట్టిన వంశం, పెరిగిన దక్షిణాది అలాంటివని సమర్థించేవారు ఉన్నారు. నేను సమర్థించలేను. 1941లోనే అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో నల్లజాతి నర్సులకు మంత్రసాని శిక్షణ మొదలైంది. కాన్పులు ఎన్ని చేసినా ఈ సంఘం జాబితాలో వారికి చోటు లేకపోయింది. 1955లో రంగు చూడకుండా చేర్చుకునే మరో సంఘం పుట్టింది. 1969లో పాత సంఘం అందులో కలిసిపోయింది. ఆ విలీనాన్ని ఆమె చూడలేదు.

1965 మే 16న తన 84వ ఏట హైడెన్ దగ్గరే ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమె నర్సులు 14,500 పైగా కాన్పులు చేశారు. చనిపోయిన తల్లులు 11 మంది.

అదే 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్సు ప్రాక్టీషనరు శిక్షణ ప్రారంభించారు. నర్సే పరీక్షించి, జబ్బు గుర్తించి, వైద్యం చేయడానికి ఒక పదవి పేరు ఏర్పడింది. 1970లో హైడెన్ పాఠశాల కూడా కుటుంబ నర్సు ప్రాక్టీషనర్లకు శిక్షణ మొదలుపెట్టింది. వారి అఖిల దేశ సంఘం 1985లో ఏర్పడి, 2013లో మరో సంఘంతో కలిసి ఒక్కటయింది. మన దగ్గర 2017లో కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభమైంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ తరహా నర్సుల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది.

అమెరికాలో ఈ సంఘం పోరాటం ప్రధానంగా సంతకం మీదనే. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్సు ప్రాక్టీషనరు డాక్టరు ఒప్పంద పత్రం లేకుండా వైద్యం చేయవచ్చు. మిగిలిన చోట్ల ఏదో ఒక రూపంలో ఆ పత్రం కావాలి. మేరీ బ్రెకిన్రిడ్జ్ గుర్రాలు తిరిగిన కెంటకీలో 2014లో చట్టం మార్చారు. నాలుగేళ్లు ఒప్పందం కింద పనిచేసిన నర్సు ఆ తరువాత మామూలు మందులు తన సంతకంతోనే రాసి ఇవ్వవచ్చునని.