డాక్టరు కోట్నిస్

షోలాపూరులో 1910లో జన్మించిన ద్వారకానాథ్ కోట్నిస్ బొంబాయిలో వైద్యవిద్య ముగించి, పై చదువుల తలపులో నుండగా చీనా నుండి పిలుపు వచ్చెను. జపాను సైన్యములు ఆ దేశముపై బడియుండెను. క్షతగాత్రులకు వైద్యులు చాలకుండిరి. కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో నొకడై 1938 సెప్టెంబరులో అతడు ఓడ యెక్కెను.

చుంకింగులో నుండగా తండ్రి మరణవార్త అందెను. అప్పుడు తిరిగి వచ్చియున్నచో ఎవరును తప్పుపట్టియుండరు. అతడు రాలేదు. 1939 ఫిబ్రవరిలో యెనాను చేరి, ఆ యేటి చివర యుద్ధరంగమునకు దారిపట్టెను. కొండలవెంట కాలినడక, శత్రువుల కావలిలో నున్న రైలుమార్గములను చీకటిలో దాటవలెను.

ఉపాధ్యాయులు గమనింపదగిన దొకటి కలదు. ముప్పదేండ్లకు చేరువైన వయసున ఈ వైద్యుడు చీనా లిపికి ఓనమాలు దిద్దెను. దుబాసి నడుమ నున్నచో రోగి బాధ సగమే వినవచ్చును గదా! కొలదికాలమునకే ఆ భాషలోనే శస్త్రచికిత్స బోధించెను. 1941లో బెథూన్ పేర వెలసిన ఆసుపత్రికి అధిపతి యయ్యెను. ఆ యేడే అచ్చట నర్సులకు చదువు చెప్పు గువో చింగ్‌లాన్‌ను పెండ్లాడెను. 1942 ఆగస్టులో కొడుకు పుట్టగా యిన్‌హువా అని పేరిడిరి. యిన్ అనగా భారతము, హువా అనగా చీనా.

చలి, చాలీచాలని తిండి, తెరపిలేని పని. మూర్ఛరోగము పట్టెను. విశ్రాంతి గొనుమన్నను వినడయ్యెను. పరుల రోగములు కుదుర్చువాడు తన రోగము నుపేక్షించుట పొరపాటే యని నేననుకొందును. 1942 డిసెంబరు 9న ఆ మూర్ఛతోనే కన్నుమూసెను. అప్పటికి వయసు 32. బిడ్డకు నాలుగవ నెల.