పేదల పేటలో పసిపిల్లల ఇల్లు: డాక్టర్ మరియా మాంటిస్సోరి జీవితం

మాంటిస్సోరి అనే పేరు మన ఊళ్ళల్లో చాలా బడుల బోర్డుల మీద కనబడుతుంది. అది ఒక మనిషి పేరని, ఆమె డాక్టరని తెలిసినవారు తక్కువ. ఆమె మొట్టమొదటి బడి కలవారి పిల్లల కోసం కాక కూలినాలి చేసుకునేవారి పిల్లల కోసం వెలిసిందని తెలిసినవారు ఇంకా తక్కువ. తల్లి పనికి పోతే బిడ్డను చూసేదెవరు అన్న మాట మన సభ్యుల ఇళ్ళల్లో రోజూ వినబడేదే. కనుక ఆ చిక్కుకు ఒక దారి చూపించిన ఈ మహనీయురాలి చరిత్రను మేము క్లుప్తంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలో కియరవల్లె అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ పొగాకు శాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె ఆ రోజుల్లోనే బాగా చదువుకున్న ఇల్లాలు. 1875లో కుటుంబం రోము నగరానికి చేరింది. డాక్టరు చదువుతానని కూతురు అన్నప్పుడు తండ్రికి అది ఏమాత్రం రుచించలేదు. తల్లి మాత్రం వెనక నిలబడింది. వైద్య కళాశాలలో మగవాళ్ళ నడుమ ఆడపిల్ల శవపరీక్ష చేయటం తగదని, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రంపూట ఆమె ఒక్కరే ఆ గదిలో కూర్చుని పని నేర్చుకోవలసి వచ్చింది. అన్నీ ఓర్చుకుని 1896లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడు బెర్లిన్‌లో జరిగిన మహిళల మహాసభకు వెళ్ళి, ఒకే పనికి ఆడవారికీ మగవారికీ ఒకే కూలి ఇవ్వాలని మాట్లాడి వచ్చారు.

ఇక ఆమె సొంత జీవితంలోని కష్టం చెప్పక తప్పదు. తోటి డాక్టరు మాంటెసానో వల్ల ఆమెకు 1898లో మారియో అనే కొడుకు పుట్టాడు. వారిద్దరికీ పెళ్ళి కాలేదు. సంగతి పైకి పొక్కితే ఉద్యోగమూ, పరువూ రెండూ పోయే కాలమది. బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికిచ్చి, అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వస్తుండేవారు. సుమారు పదిహేనేళ్ళ వయసు వచ్చాక గాని ఆ పిల్లవాడు తల్లి దగ్గరికి చేరలేదు. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన తల్లికి తన బిడ్డ పసితనం దక్కలేదు. పని కావాలా, బిడ్డ కావాలా అని తేల్చుకోవలసి రావటం ఎంత బాధో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

డాక్టరుగా ఆమె మొదట పనిచేసింది మతి ఎదగని పిల్లల మధ్య. పిచ్చాసుపత్రుల్లో చేతికి ఒక వస్తువు కూడా అందని పిల్లలను చూసి, వీళ్ళకు కావలసింది మందు మాత్రమే కాదు, చేతులకు పని అని గ్రహించారు. 1900లో అటువంటి పిల్లల బడి నడిపే బాధ్యత తీసుకున్నారు. ఆమె వద్ద నేర్చుకున్న పిల్లలు కొందరు మామూలు పిల్లలు రాసే పరీక్షలే రాసి నెగ్గారు. మందబుద్ధులనుకున్న పిల్లలే ఇంత నేర్వగలిగితే, మామూలు పిల్లలు బడుల్లో ఎందుకు వెనకబడుతున్నారు అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది.

ఆ జవాబు దొరికిన చోటు రోములోని సాన్ లోరెంజో పేట. కట్టడాల వ్యాపారం దివాలా తీయటంతో సగంలో ఆగిపోయిన మేడల్లో బీదజనం కిక్కిరిసి ఉండేవారు. ఒక గృహనిర్మాణ సంస్థ ఆ మేడలను తీసుకుని బాగుచేసి, కార్మిక కుటుంబాలకు అద్దెకిచ్చింది. అయితే తల్లిదండ్రులిద్దరూ పనికి పోయాక, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ, కొత్త గోడలను గీకుతూ పాడుచేయసాగారు. సంస్థ అధికారి ఎదొవార్దొ తలామో ఒక లెక్క వేశాడు. ఏటేటా మరమ్మతులకు పెట్టే డబ్బుతో పిల్లలను ఒక గదిలో చేర్చి చూసుకుంటే, గోడలూ బాగుంటాయి, పిల్లలూ బాగుంటారు అని. ఈ పనికి డాక్టర్ మాంటిస్సోరిని పిలిచాడు. 1907 జనవరి 6న ఆ మేడలోనే ఒక గదిలో పిల్లల ఇల్లు తెరిచారు. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు యాభైమందికి పైగా చేరారు.

తల్లిదండ్రులు కట్టవలసిన ఫీజు ఏమీ లేదు. పిల్లలను శుభ్రంగా పంపాలి, చూసుకునే ఆమెతో మర్యాదగా మెలగాలి, అంతే. ఆ ఇల్లు తాముండే మేడలోనే కావటం వల్ల, తల్లి పనికి పోతూ దింపి, వస్తూ తీసుకుపోవచ్చు. మొదట్లో పిల్లలను చూసుకున్న ఆమె పెద్ద చదువులు చదివిన ఉపాధ్యాయిని కూడా కాదు. వస్తువులు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఒకనాడు తాళం మరచిపోతే, పిల్లలే తమకు కావలసినవి తీసుకుని బుద్ధిగా పనిలో కూర్చున్నారు. డాక్టరమ్మ అది చూసి కోప్పడలేదు; ఆ తరువాత పిల్లల చేతికందే పొట్టి అరలు పెట్టించారు. బల్లలూ కుర్చీలూ పిల్లల కొలతకే చేయించారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేళ్ళతో తడిమి తడిమి, నాలుగైదేళ్ళ పిల్లలు కొద్ది నెలల్లోనే రాయటం మొదలుపెట్టారు. దూరదేశాల నుంచి జనం చూడవచ్చారు.

వంటకు, ఉతుకుడుకు పదిమందికి కలిపి ఏర్పాటు చేసినట్టే, పనిచేసే తల్లులందరికీ కలిపి బిడ్డల సంరక్షణ ఏర్పాటు కావాలన్నది ఆమె వాదన. అది దయాధర్మం కాదనీ, ఇంటికీ దేశానికీ కలిసివచ్చే ఖర్చనీ ఆమె నమ్మారు.

తరువాతి జీవితం తిరుగుడుతో గడిచింది. మొదట ఆమె బడులను ప్రోత్సహించిన ముస్సోలినీ ప్రభుత్వంతో తరువాత చెడి, 1934లో స్వదేశం విడిచారు. స్పెయిన్‌లో అంతర్యుద్ధం రాగా 1936లో హాలెండు చేరారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద కొడుకుతో సహా మద్రాసు అడయారుకు వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగటంతో బ్రిటిషువారు మారియోను నిర్బంధించి, ఆమెను కదలనివ్వలేదు. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు కొడుకును విడిచిపెట్టారు. కొన్ని నెలలకని వచ్చిన తల్లి 1946 దాకా మన దేశంలోనే ఉండి, అడయారులోను, కొడైకెనాలులోను, ఇతర చోట్లను వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె ఇటలీ భాషలో చెబితే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. 1952 మే 6న హాలెండులో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇళ్ళ లెక్క చూద్దాం. బీడీలు చుట్టే తల్లి, మిషను కుట్టే తల్లి బిడ్డ ఏడ్చినప్పుడల్లా లేస్తే ఆ పూట కూలి తగ్గుతుంది. బయటి పనికైతే పోనే పోలేదు. లేదా పెద్దపిల్లను బడి మానిపించి చిన్నదానికి కాపలా పెడతారు. అప్పుడు నష్టం ఇద్దరికీ: పెద్దది చదువు పోగొట్టుకుంటుంది, చిన్నది నేర్చుకోవలసిన ఈడులో ఏమీ నేర్చుకోదు. ఈ నష్టం ఏ పద్దులోనూ కనబడదు గాని, ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఇంటి సంపాదనలో కనబడుతుంది.

ప్రభుత్వం 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలుపెట్టింది. 2017లో చేసిన చట్ట సవరణ యాభైమంది లేక అంతకుమించి పనిచేసేచోట శిశుసంరక్షణ గది ఉండాలంది. కాని ఇంట్లో కూర్చుని పనిచేసే తల్లికి ఆ చట్టం అందదు. పేదల కోసం పుట్టిన మాంటిస్సోరి పేరు ఎక్కువగా ఫీజుల బడులకు చేరటం కూడా విచారించదగ్గదే.

కనుక మా మనవి ఒక్కటి. సభ్యులు తమ పేటలోని అంగన్‌వాడీకి ఒకసారి వెళ్ళాలి. ఎన్నింటికి తెరుస్తున్నారు, ఎన్నింటికి మూస్తున్నారు, ఆ వేళలు తల్లుల పనికి సరిపోతున్నాయా, పిల్లల చేతికి ఏమైనా వస్తువు అందుతోందా అని చూసి రావాలి. లోటు కనబడితే నలుగురం కూర్చుని, మిగతా గంటలకు ఒక గదిని, ఒక నమ్మకమైన ఆమెను ఏర్పాటు చేయగలమేమో ఆలోచిద్దాం. సాన్ లోరెంజోలో మొదలైంది కూడా ఒక్క గదితోనే.