ఎవరెస్టుకు దారి వెతికిన ఎరిక్ షిప్టన్

బండి కట్టి దూర ప్రయాణం చేసిన రైతుకు ఒక లెక్క తెలుసు. ఎద్దుల మేత కూడా ఆ బండి మీదే పోవాలి. దూరం పెరిగేకొద్దీ మేత పెరుగుతుంది, సరుకు తగ్గుతుంది. ఈ లెక్కనే హిమాలయాలకు అన్వయించి, పెద్ద పెద్ద దండులకు దొరకని దారులను నలుగురైదుగురితో కనిపెట్టిన మనిషి ఎరిక్ షిప్టన్.

షిప్టన్ 1907 ఆగస్టు 1న సింహళంలో పుట్టారు. తండ్రి తేయాకు తోటల దొర. పిల్లవాడికి మూడేళ్లయినా నిండకముందే ఆయన చనిపోయారు. షిప్టన్‌కు చదవటం చాలా ఆలస్యంగా వచ్చింది. బడిలో మందమతి అనిపించుకున్నారు. ఇరవై ఒకటో ఏట కాఫీ తోటల పని మీద ఆఫ్రికాలోని కెన్యా దేశం చేరారు. అక్కడే టిల్మన్ పరిచయమయ్యారు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన వ్యక్తి, మితభాషి. 1930లో ఇద్దరూ కలిసి కెన్యా పర్వతాన్ని ఒక వైపు నుంచి ఎక్కి మరో వైపు దిగారు.

1931లో షిప్టన్ మన దేశంలోని కామెట్ శిఖరం ఎక్కారు. దాని ఎత్తు 25,447 అడుగులు. అప్పటికి మనిషి ఎక్కిన శిఖరాల్లో అదే ఎత్తయినది. 1933లో ఎవరెస్టు దండులో చేరి 27 వేల అడుగులు దాటారు. అయితే ఆ దండు తీరు ఆయనకు నచ్చలేదు. వందల మూటలు, వందల జంతువులు, వేల పౌండ్ల ఖర్చు. ఇంతా చేసి శిఖరం అందలేదు.

మూటల లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కూలీ 30 కిలోలు మోస్తాడు, రోజుకు కిలో తింటాడు అనుకుందాం. పది రోజుల దారి అయితే పోను పది కిలోలు, రాను పది కిలోలు అతని తిండికే సరి. మిగిలేది పది కిలోలు. అంటే దొరవారి కుర్చీ ఒకటి పైకి పోవాలంటే దానికోసం ఒక మనిషి, అతని తిండి, కూలి అన్నీ పోవాలి. అందుచేత ఖర్చు తగ్గాలంటే కూలి బేరమాడి లాభం లేదు. అసలు మూటలే తగ్గించాలి. మూటలు తగ్గాలంటే మనుషులు తగ్గాలి, దారి తెలియాలి. దారి తెలియక తిరిగిన ప్రతి రోజుకూ మళ్లీ మనిషికి కిలో చొప్పున ఖర్చే.

మంచం ఉన్నంత వరకే కాళ్లు చాచుకోవాలని పెద్దలంటారు. షిప్టన్, టిల్మన్ అదే చేశారు. షెర్పాలు తినేదే తామూ తిన్నారు, తమ మూటలు తామే మోశారు. తిండి సామాను చాలావరకు మన బజార్లలోనే కొన్నారు.

ఋషిగంగ లోయలో

1934లో వారు ఎంచుకున్నది గఢ్వాల్ కొండల్లోని నందాదేవి. శిఖరం ఎత్తు 25,645 అడుగులు. దాని చుట్టూ 70 మైళ్ల పొడవున మంచు కొండల ప్రాకారం. ఆ గోడ దాదాపు ఎక్కడా 18 వేల అడుగులకు తగ్గదు. పడమట మాత్రం ఋషిగంగ నది గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. 1883 నుంచి ఎందరో ప్రయత్నించినా శిఖరం పాదం దగ్గరకు ఎవరూ చేరలేదు.

షిప్టన్, టిల్మన్ సరుకుల ఓడలో కలకత్తాకు వచ్చారు. ఆంగ్ థార్కే, పాసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలను వెంట తీసుకున్నారు. రాణీఖేత్ మీదుగా జోషీమఠ్ చేరి, గోడ మీదుగా కాక నది వచ్చే దారినే లోపలికి పోవాలని నిశ్చయించారు. దారిలో నడుముల్లోతు మంచు చూసి కొందరు కూలీలు మూటలు దించి వెళ్లిపోయారు. మిగిలినవారు ఆ బరువు పంచుకున్నారు.

లోయలో రెండు పక్కలా నిలువు బండలు, కింద నది హోరు. ఒక బండ అంచు పట్టుకుని పోవటం, అది ఆగిపోతే వెనక్కు వచ్చి మరో అంచు వెతకటం, దారి దొరికాక మూటలు విడతలుగా చేరవేయటం. చివరి నాలుగు మైళ్లకు వారం పైగా పట్టింది. జూన్ మొదట్లో వారు లోపల అడుగు పెట్టారు. పచ్చిక బయళ్లు, పూలు, మనిషిని చూసి బెదరని జంతువులు. అంతకుముందు అక్కడికి మనుషులు చేరిన దాఖలా లేదు.

వర్షాలు రాగానే బయటపడి బదరీనాథ్ నుంచి కేదారనాథ్‌కు కొండల మీదుగా అడ్డదారి వెతికారు. పూర్వం ఒకే పూజారి ఒకే రోజున రెండు గుళ్లలోనూ పూజ చేసేవాడని అక్కడ ఒక ఐతిహ్యం. మన జిల్లా నుంచి వెళ్లే యాత్రికులు చుట్టుదారినే పోతారు. వారు సూటిగా పోయి అడవిలో చిక్కుకున్నారు. ఎడతెగని వాన, తిండి అయిపోయింది. వెదురు మొలకలు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. వాటి కోసం ఎలుగుబంట్లు కూడా తిరుగుతుండేవి. దారి లెక్క తప్పితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. అయినా బయటపడ్డారు. వానలు తగ్గాక మళ్లీ నందాదేవి లోపలికి వెళ్లి, ఈసారి దక్షిణపు గోడ దాటి వచ్చారు.

అయిదు నెలల ఈ యాత్రకు, ఇంగ్లండు నుంచి రాకపోకల ఓడ చార్జీలతో సహా, ఇద్దరికీ కలిపి 300 పౌండ్ల లోపే ఖర్చయింది.

ఒకరు వెతికితే ఒకరు ఎక్కారు

1936 ఆగస్టు 29న టిల్మన్, ఓడెల్ అనే మరొకరితో కలిసి, అదే లోయ దారిన పోయి నందాదేవి శిఖరం ఎక్కారు. షిప్టన్ ఆ జట్టులో లేరు. ఆ వేసవిలో ఆయన మరో పెద్ద దండుతో ఎవరెస్టుకు వెళ్లారు. వానలు ముందే వచ్చి ఆ దండు వెనుదిరిగింది.

దానికి ముందు 1935లో చిన్న జట్టుతో ఎవరెస్టు ప్రాంతం పరిశీలించినప్పుడు 20 వేల అడుగులు దాటిన 26 శిఖరాలు ఎక్కారు. ఆ జట్టులోకి అనుభవం లేని ఒక షెర్పా కుర్రవాణ్ణి షిప్టన్ తీసుకున్నారు. అతని పేరు టెన్సింగ్.

1950 తరువాత టిబెట్ దారి మూసుకుపోయింది. ఇక నేపాల్ వైపు నుంచే ఎవరెస్టుకు దారి చూడాలి. అటు మంచు జలపాతం ఉందని, మనిషి పోలేడని చాలామంది అనుమానం. 1951లో ఆ దారి చూసి రమ్మని షిప్టన్‌ను పంపారు. ఆరోహకులు ఆరుగురే. వారిలో ఇద్దరు న్యూజిలాండ్ వారు, ఒకరు హిల్లరీ. వానల్లో బీహారు సరిహద్దు జోగ్‌బనీ నుంచి నడక సాగించారు. సెప్టెంబరు 30న షిప్టన్, హిల్లరీ పుమోరి కొండ భుజం ఎక్కి చూస్తే ఎదుట లోయ, ఆ పైన శిఖరానికి పోయే వాలు స్పష్టంగా కనిపించాయి. దారి ఉంది. మంచు జలపాతాన్ని దాదాపు చివరిదాకా ఎక్కి, పెద్ద పగులు అడ్డం రాగా ఆగి తిరిగి వచ్చారు.

1953 దండుకు మొదట షిప్టన్‌నే నాయకుడన్నారు. అయితే చిన్న జట్టే మేలనే మనిషి పెద్ద దండును గట్టిగా నడపగలరా అని లండన్ కమిటీలో సందేహం. సైనికాధికారి హంట్‌కు నాయకత్వంలో భాగం ఇస్తామన్నారు. షిప్టన్ ఒప్పుకోక తప్పుకున్నారు. హంట్ 350 మందికి పైగా కూలీలతో వెళ్లారు. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. దండు పెద్దదైతే పనికిరాదన్న షిప్టన్ మాట ఆ రోజున ఓడింది. కానీ ఆ దండు నడిచింది ఆయన చూసిన దారినే. పైకి చేరిన ఇద్దరినీ మొదట ఎవరెస్టు యాత్రకు తీసుకువెళ్లింది ఆయనే.

ఆ తరువాత ఆయనకు కష్టకాలం వచ్చింది. ఉద్యోగం పోయింది, కాపురం చెదిరింది. కొంతకాలం అడవిలో కూలి పని చేశారు. యాభై ఏళ్లు దాటాక దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా మంచు మైదానాలకు వెళ్లసాగారు. 1960-61లో ముగ్గురు తోడుగా, యాభై రోజులు పైగా మంచు మీద బండి లాగుతూ దాటారు. తిండి లెక్క మళ్లీ ఆయనదే.

షిప్టన్ 1977 మార్చిలో మరణించారు. అదే ఏడాది చివర టిల్మన్ ఎక్కిన పడవ దక్షిణ అట్లాంటిక్‌లో మనుషులతో సహా కనిపించకుండా పోయింది. నందాదేవి లోయను 1982లో జాతీయ వనంగా ప్రకటించారు. ఎవరెస్టుకు నేపాల్ వైపు నుంచి పోయేవారు నేటికీ ఆ మంచు జలపాతం మీదుగానే ఎక్కుతున్నారు.