క్యాన్సర్‌కు మందు చూపిన మన తెలుగువారు

ఈసారి నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పట్నుంచీ క్లాసులో ఫస్టు అనుకునేరు, కాదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముదామని ఇంట్లోంచి పారిపోతే వాళ్లమ్మ వెంకమ్మ గారు వెనక్కి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. (టెన్త్ అన్నలూ, ఇది సార్‌కు సాకుగా చెప్పకండి!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా వచ్చింది.

ఆయన అన్నా, తమ్ముడూ స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. అది ఆయన మనసులోంచి పోలేదు. అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. స్ప్రూకు పనికొచ్చే మందు అదే! మనకు వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలోనూ, తోటకూరలోనూ ఉండేది అదే.

ఇక క్యాన్సర్ సంగతి. మన ఒంట్లో కణాలు అవసరమైనంత వరకే చీలి రెండవుతాయి. క్యాన్సర్ కణం మాత్రం ఆగదు. చెరువులో గుర్రపుడెక్కలాగా అల్లుకుపోతుంది. దాని ముక్క తెగి ఇంకో గుంటలో పడితే అక్కడా పెరుగుతుంది కదా, అట్లే ఈ కణాలు రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో పాతుకుంటాయి. కానీ ఒకరి నుంచి ఒకరికి అంటదు. మా కాలనీలో రొమ్ములో గడ్డ వచ్చిన ఒక పెద్దమ్మకు కంచం వేరుగా పెట్టారు, అది తప్పు.

చీలే కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఆ జాతి మందులిస్తే జబ్బు ఇంకా ఎక్కువైనట్టు కనిపించింది. అయితే అది అందకుండా చేస్తే? సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది. అది దొంగ తాళంచెవి లాంటిది. తాళంలో దూరుతుంది, తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. కణం చీలలేక చస్తుంది. వెంట్రుకలు, పేగుల కణాలు కూడా గబగబా చీలేవే, అందుకే ఇలాంటి మందులతో జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది.

1947 చివర్లో ఈ మందు మొదలుపెట్టారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది, నిజమే. అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు.

బోదకాలుకు మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం తెచ్చిందే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన న్యూయార్కులో పోయారు. వెళ్లిన మనిషి మళ్లీ మన దేశం రాలేదు. అమినోప్టెరిన్‌కు తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌తో, గర్భంలో మాయ నుంచి పుట్టే ఒక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినా తగ్గిందని అమెరికా డాక్టర్లు 1956లో రాశారు. అది ఆయన చూడలేదు.

– 9వ తరగతి