మద్రాసులో చదివి విశాఖలో వేధశాల నిలిపిన జగ్గారావు గారు

మన గుమ్మిడిపూండి సంఘం పిల్లలు సొంతంగా టెలిస్కోపు చేస్తామంటే సరేనన్నాం. తొందరలో కొలత చూసుకోకుండా గొట్టానికి రంధ్రం కోసేశాం. పెద్ద అద్దం వెలుగును కూర్చే దూరం 48 అంగుళాలు. గొట్టం నడిమి నుంచి పక్కనున్న ఐపీస్ వరకు 8 అంగుళాలు. అది తీసేస్తే 40. అంటే 45 డిగ్రీల వాలులో ఉండే చిన్న అద్దం పెద్ద అద్దానికి 40 అంగుళాల దూరంలో ఉండాలి, రంధ్రం దానికి సరిగ్గా ఎదురుగా పడాలి. మాది రెండు అంగుళాలు తప్పింది. ఐపీస్ ఎంత జరిపినా చంద్రుడు తేటపడలేదు. చిన్నబోయిన పిల్లలకు ఆ రోజు గోడే వెంకట జగ్గారావు గారి సంగతి చెప్పాం.

ఆయన 1817లో విశాఖపట్నంలో గోడే సూర్యప్రకాశరావు గారి జమీందారీ కుటుంబంలో పుట్టారు. రైళ్లు లేని ఆ రోజుల్లో మద్రాసు వచ్చి, నుంగంబాక్కం వేధశాలలో థామస్ గ్లాన్విల్ టేలర్ గారి దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. రాత్రంతా మేలుకుని నక్షత్రాలు చూసి, పగలు లెక్కలు కట్టే చదువు అది. జమీందారు బిడ్డ కష్టపడి నేర్చారు.

తిరిగి వెళ్లి 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లోని తమ ఇంటి వద్దే వేధశాల నెలకొల్పారు. 4.8 అంగుళాల దూరదర్శిని, నక్షత్రం నడినెత్తి గీత దాటే వేళను పట్టే ట్రాన్సిట్ యంత్రం అక్కడ ఉండేవి. ఆ యంత్రం సరిగ్గా ఉత్తర దక్షిణాలకు కుదరాలి. కాస్త పక్కకు జరిగినా గడియారం తప్పుతుంది. గడియారం నాలుగు సెకన్లు తప్పితే సముద్రంలో ఓడ తానున్న చోటును దాదాపు రెండు కిలోమీటర్లు తప్పుగా లెక్కిస్తుంది. అందుకే ఆయన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య నిలిపి ఓడలకు సరైన వేళ తెలిపే ఏర్పాటు చేశారు.

1856లో, నలభై నిండకుండానే కన్నుమూశారు. వేధశాల మాత్రం మూతపడలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని చేతిలోకి తీసుకుని, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడ పరిశీలించారు. 1892లో పోయేదాకా ఆ పని విడువలేదు.

కొత్త గొట్టానికి పిల్లలే రెండుసార్లు కొలిచి గీత గీశారు. తమిళ బడుల్లో చదివే మన పిల్లలకు జగ్గారావు గారి పేరు పాఠాల్లో కనబడదు. ఇంట్లో మనమే చెప్పాలి.