కొలిమి వెలుగుకు లెక్క కట్టిన మాక్స్ ప్లాంక్

బజారులో ఎల్.ఇ.డి. బల్బు కొనబోతే అట్టపెట్టె మీద 2700 కె. అనో, 6500 కె. అనో ఒక అంకె కనబడుతుంది. దీన్నే వెలుగుయొక్క వర్ణ ఉష్ణోగ్రత అంటారు. మన ఫోటోగ్రఫీ మిత్రులు కెమేరాలో సరిచేసుకునేదీ దీన్నే. ఆ 'కె' అన్న అక్షరం లార్డ్ కెల్విన్ పేరు మీద వచ్చింది. అంకె వెనకనున్న లెక్క మాత్రం మాక్స్ ప్లాంక్‌ది.

కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, తరువాత పసుపుదేరి, వేడి బాగా పెరిగితే తెల్లబడుతుంది. రంగు చూసి వేడి చెప్పటం కమ్మరికి ఏనాడో తెలుసు. ఏ వేడిలో ఏ రంగు వెలుగు ఎంత వస్తుందో సరిగ్గా లెక్క చెప్పగలవాడు 1900 దాకా పుట్టలేదనే చెప్పాలి.

ప్లాంక్ 1858 ఏప్రిల్ 23న జర్మనీలోని కీల్ నగరంలో ఒక న్యాయశాస్త్ర ఆచార్యుని ఇంట జన్మించాడు. పియానో, చెల్లో బాగా వాయించేవాడు. మ్యూనిక్‌లో చదివే రోజుల్లో, భౌతికశాస్త్రంలో కొత్తగా కనుక్కోవలసిందేమీ మిగల్లేదని అక్కడి ప్రొఫెసర్ జాలీ సలహా చెప్పాడట. కుర్రవాడు వినలేదు. 21వ ఏట డాక్టరేట్ పొంది, 1889లో బెర్లిన్ చేరాడు.

అప్పుడే అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థకు విద్యుద్దీపాల వెలుగును కొలిచేందుకు ఒక నికరమైన ప్రమాణం కావలసివచ్చింది. లోపల డొల్లగా ఉండి, చిన్న రంధ్రమున్న పాత్రను వేడిచేసి, ఆ రంధ్రంలోంచి వచ్చే కిరణాలను కొలిచారు. అప్పటికున్న సూత్రం నీలం వైపు సరిపోయింది, పరారుణం వైపు తప్పింది. 1900 అక్టోబరు 7, ఆదివారం నాడు రూబెన్స్ టీకి వచ్చి ఈ సంగతి చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రికే ప్లాంక్ కొత్త సూత్రం రాశాడు! రాశాడు గాని, అదెందుకు సరిపోయిందో ఆయనకే తెలియదు. రెండు నెలలు తల బద్దలుకొట్టుకుని, శక్తి ధారగా కాక విడివిడి పొట్లాలుగా వస్తుందని అనుకుంటే తప్ప కుదరదని డిసెంబరు 14న ప్రకటించాడు. క్వాంటం సిద్ధాంతం పుట్టింది అలాగే. 1918 నోబెల్ బహుమతి దీనికే.

నేటి కలర్ మీటరు వెలుగులోని ఎరుపు నీలాల పాళ్ళు చూసి, ప్లాంక్ గీసిన రేఖతో పోల్చి అంకె చెబుతుంది. స్టూడియో టంగ్‌స్టన్ దీపానికి 3200, పగటి వెలుగు ఫిల్ముకు 5500. తమాషా ఏమిటంటే, మనం వెచ్చని వెలుగు అని పిలిచే పసుపు దీపానిదే తక్కువ అంకె!

ఇంట్లో మాత్రం ఆయనకు మిగిలింది చీకటే. 1909లో భార్య పోయింది. 1916లో పెద్దకొడుకు కార్ల్ వెర్డన్ యుద్ధంలో నేలకొరిగాడు. కవల కూతుళ్ళిద్దరూ ప్రసవాల్లోనే, 1917లో ఒకరు, 1919లో ఒకరు కన్నుమూశారు. 1933లో యూదు సహోద్యోగుల కోసం హిట్లర్ దగ్గరకే వెళ్ళి చెప్పి చూశాడు, ఫలితం లేకపోయింది. పదవి వదలకుండా ఉండటం తప్పని అనేవాళ్ళున్నారు. నాకూ కొంత అలాగే తోస్తుంది. అయితే దేశం విడిచి పరాయిగడ్డ మీద చనిపోయిన హాబర్‌కు, ప్రభుత్వం వద్దన్నా 1935లో సంస్మరణ సభ జరిపించిందీ ఆయనే. 1944లో బాంబుదాడిలో ఇల్లు, పుస్తకాలు, కాగితాలు అన్నీ కాలిపోయాయి. హిట్లర్‌పై కుట్రలో ఉన్నాడని మరో కొడుకు ఎర్విన్‌ను 1945 జనవరిలో ఉరితీశారు.

యుద్ధం ముగిశాక గాటింగెన్ చేరిన ఆ వృద్ధుడు 1947 అక్టోబరు 4న, 89వ ఏట అక్కడే కన్నుమూశాడు.